జమీలా వేసిన పసుపు

జమీలా ఎవరి మాటా వినదని ప్రొద్దుటూరంతా అంటుంది. అనేవాళ్ళలో సగం మంది ఆమె చేత పాత బీరువాలకు రంగు వేయించుకున్నవాళ్ళే. ఆమె వినే మనిషే అయితే ఆ బీరువాలన్నీ ఎప్పుడో కట్టెల డిపోలో ముక్కలైపోయి ఉండేవి. ఆ సంగతి మాత్రం ఒక్కరూ నోరు తెరిచి చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

మైదుకూరు రోడ్డులో నాదొక చిన్న టైలరింగ్ అంగడి. దాని పక్కనే రేకుల షెడ్డు జమీలాది. మధ్యలో ఒకే గోడ. నా మిషను చప్పుడు ఆమెకు, ఆమె ఉప్పుకాగితం గీకుడు నాకు పొద్దస్తమానం వినబడుతూనే ఉంటాయి. మొదట్లో ఆ టర్పెంటైన్ వాసనకు తల పగిలిపోయేది. ఉండబట్టలేక ఒకరోజు వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. "నీ జాకెట్టు గుడ్డల పీచు వచ్చి నా తడి వార్నిష్ మీద పడతాండాది అక్కా. నేనేమన్నా అంటాండానా?" అంది తల కూడా ఎత్తకుండా. ఆ తర్వాత ఇద్దరం టీ తెప్పించుకుని తాగాం. అప్పటి నుంచి ఆమెను ఎవరేమన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

జమీలా నాన్న మహబూబ్ బాషాది జమ్మలమడుగు. అక్కడి మిషన్ ఆసుపత్రిలో మందుల బీరువాలకు తెల్ల ఎనామిల్ వేసేవాడు. కొడుకులు ఒకరి వెనుక ఒకరు గల్ఫ్ దారి పట్టారు గానీ కుంచె మాత్రం ముట్టలేదు. చెక్క సందుల్లో లప్పం పట్టడం, పాత రంగు పొరలు పొరలుగా గీకడం, కుంచె వెంట్రుక రంగులో ఊడిపోకుండా చూసుకోవడం, ఇవన్నీ కూతురే నేర్చుకుంది. పెళ్ళయ్యి ప్రొద్దుటూరు వచ్చింది. భర్త రహమతుల్లా కువైట్‌లో బండి తోలేవాడు. ఒక ఎండాకాలం అక్కడే గుండె ఆగి పోయాడు. భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు తీరేదాకా జమీలా ఇంట్లో నుంచి కదలలేదు. గడువు తీరగానే చుట్టాలు వచ్చి, "ఇంగ ఇంట్లోనే ఉండు, మేం చూసుకుంటాం" అన్నారు. ఆమె వాళ్ళకు టీ ఇచ్చి పంపించి, జమ్మలమడుగు బస్సెక్కి, నాన్న కుంచెల పెట్టె తెచ్చుకుంది.

ఊళ్ళో పాలిష్ పనివాళ్ళు నవ్వారు. ఆడమనిషి ముంగిట్లో ముగ్గేస్తుంది గానీ బీరువా ముట్టుకుంటే ఏం బాగుపడుతుందన్నారు. జమీలా బోర్డు కూడా రాయించలేదు. తన పెళ్ళినాటి చెక్క బీరువాను షెడ్డు ముందర రోడ్డుకు ఎదురుగా నిలబెట్టింది. ఒక తలుపును ఉన్నది ఉన్నట్టే వదిలేసింది. పెచ్చులు లేచిన పాత రంగు, తుప్పు పట్టిన తలుపు బందులు, అన్నీ అట్లాగే. రెండో తలుపుకు నెమలిపింఛం రంగు వేసి, అంచు వెంబడి బంగారు గీత లాగింది. రోడ్డు మీద పోయేవాళ్ళు బండ్లు ఆపి మరీ చూశారు. నవ్వినవాళ్ళు మళ్ళీ నవ్వలేదు.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. బీరువా ఎవరిదో వాళ్ళు స్వయంగా రావాలి. వాళ్ళ ఎదుటే, ఆరుబయట వెలుతురులో రంగు కలుపుతుంది. తలుపు లోపలి వైపు అరచేయంత మేర పూసి, తడి ఆరకముందే బొటనవేలు ఆనించమంటుంది. ఆ ముద్ర పడ్డ చోటును ఇంక ముట్టుకోదు. పని పూర్తయ్యాక కూడా అది అట్లాగే ఉంటుంది. "నేను అడిగింది ఇది కాదు" అన్న మాట ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా పడలేదు.

మా జిల్లాలో రంగంటే రంగు ఒక్కటే కాదని మీకు తెలిసే ఉంటుంది. నీళ్ళ ట్యాంకు మొదలు చెత్తబుట్ట దాకా ఏ రంగు చూసినా అది ఎవరిదని అడుగుతారు. మొన్న సర్కారు మారాక జమ్మలమడుగు నుంచి ఒకాయన వచ్చాడు. అంతకు ముందు తన అంగడి అలమరకు నీలం వేయించుకున్నవాడే. "ఇప్పుడు మార్చాల్సి వచ్చింది మా" అని నసిగాడు. రంగు పాడైందా అని అడిగింది జమీలా. లేదన్నాడు. "ఐదేండ్లకోసారి తోముకునేదానికి ఇది గోడ కాదప్పా, టేకు. నేనేసిన రంగు నీ ఎలక్షన్ల కంటే ఎక్కువ కాలం ఉంటాది" అని వచ్చిన దారినే పంపించేసింది. వచ్చిన పనిని కాలదన్నుకుందని ఆమెను నేను కూడా తిట్టాను. కానీ లోపల మాత్రం భలే సంతోషమైంది.

ఇట్లా ఉండగా పులివెందుల నుంచి నారాయణ వచ్చాడు. చీనీ, అంటే బత్తాయి తోటలున్న రైతు. పులివెందులలో కొత్త ఇల్లు కట్టాడు. ట్రాలీ ఆటోలో పాత టేకు బీరువా ఒకటి దించి, జమీలా ముందు బూడిద రంగు షేడ్ కార్డు పెట్టాడు.

"మా అమ్మది. పచ్చళ్ళ జాడీలు పెట్టుకునేది. నేనైతే ఎప్పుడో అమ్మేద్దును, ఆమె పట్టుబట్టింది. కొత్తింట్లో అంతా ఈ రంగే. దీనికీ ఇదే కొట్టు" అన్నాడు.

"బీరువా అమ్మదంటాండావు గదన్నా. అయితే ఆమెను రమ్మను. ఆమె ఏలు పడందే నేను కుంచె ముంచను."

"ముసలామెకు రంగుల్లో ఏం తెలుస్తాది మా?" అని నవ్వి, కార్డు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి ఈ మాట తల్లికి కూడా నవ్వుతూ చెప్పాడట. ఆయన నవ్వులాట అనుకున్నదాన్ని ఆమె పిలుపనుకుంది.

ఆ వారంలోనే గోవిందమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. బోసి నుదురు. మెడలో ఏమీ లేదు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, కొంగు ముడి విప్పి, పచ్చి పసుపు కొమ్ము ఒకటి తీసింది. ఫటుక్కున విరిచి, లోపలి రంగు జమీలాకు చూపించింది.

"ఇది గావాల. అంగట్లో డబ్బాలో దొరికేది గాదు, ఇది."

నేను కత్తెర పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాను. ఆమె పుట్టినిల్లు దువ్వూరు దిక్కట. కేసీ కాలువ కింద పసుపు వేసేవాళ్ళు. కొమ్ములు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం అన్నీ ఆమే, చెల్లెలే. ఆ రోజుల్లో వాళ్ళ చేతులు ఎన్ని కడిగినా తెల్లబడేవి కావట. పెళ్ళయ్యాక ఇంటి గడపకు ప్రతి శుక్రవారం ఆమే పసుపు రాసేది. భర్త పోయాడు. ఆ రోజుతో అన్నీ బంద్.

"నా మొగానికి వద్దన్యారు. సరే అన్యా. గడపకు రాయొద్దన్యారు. దానికీ సరే అన్యా. పేరంటంలో వెనక్కి నిలబడమన్యారు, నిలబడినా. ఇప్పుడు కొత్తిల్లు గట్టినారు, లోపలంతా బూడిదే. నా బీరువాకు గూడ బూడిద పూస్తారంట."  ఆమె గొంతులో కోపమే ఉంది. "గడపకు ఎట్ల రాస్తారో అట్ల రాయి పాపా దీనికి. పసుపు, కుంకం బొట్లు, తెల్ల ముగ్గు గీతలు. పండగనాడు గడప ఎట్లుంటాదో అట్లుండాల."

జమీలా లేచి డబ్బాలు తీసింది. అంగడి పసుపుపచ్చ పాలిపోయినట్టు ఉంటుంది. దాంట్లో కాస్త కావి రంగు, మళ్ళీ కాస్త పసుపు, ఇంకాస్త కావి. విరిచిన కొమ్మును డబ్బా అంచున పెట్టుకుని, ఒక చెక్కముక్క మీద పూసి చూడటం, తుడిచేయడం, మళ్ళీ కలపడం. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కొమ్ముకూ రంగుకూ తేడా లేకుండా కుదిరింది. తలుపు లోపల పూసింది. గోవిందమ్మ బొటనవేలు గట్టిగా ఆనించింది. వేలికి అంటిన రంగును తుడుచుకోలేదు.

వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. "నా కొడుక్కు నువ్వు జెప్పొద్దు. ముందే తెలిస్తే ఈడికే వచ్చి మార్పిస్తాడు. బీరువా ఇంట్లో దిగినంక నేనే జెప్పుకుంటా."

"నా నోట రాదు జేజీ" అంది జమీలా.

ఆ మాట ఇచ్చేటప్పుడు అది ఎంత బరువవుతుందో ఇద్దరికీ తెలీదు. పులివెందులలో పసుపుపచ్చ ఎదుటి పార్టీ రంగని ప్రొద్దుటూరులో కూర్చున్న మాకు ఆ నిమిషంలో తట్టనే లేదు. పసుపు కొమ్మును చూస్తూ పార్టీలను ఎవరు తలుచుకుంటారు?

బీరువాను జమీలా విప్పదీసింది. బందులు ఊడదీసి కిరోసిన్‌లో వేసింది. పైన గోధుమరంగు, దాని కింద పచ్చ ఎనామిల్, దాని కింద మళ్ళీ గోధుమరంగు. టేకు గీతలు కనబడేదాకా గీకి, లప్పం పట్టి, రుద్ది, ప్రైమర్ వేసింది. ఆపైన పసుపు. కింది చట్రం పొడుగునా ఎర్రటి బొట్లు, వాటి చుట్టూ తెల్ల ముగ్గు. ముగ్గుకు అచ్చులు వాడలేదు. ఊపిరి బిగబట్టి సన్న కుంచెతో చేత్తోనే లాగింది. పని అయ్యాక చూస్తే, చెప్పులు వేసుకుని దాని దగ్గరికి పోవడానికి నాకే మనసు రాలేదు.

గృహప్రవేశం ముందు రోజు బీరువాను ట్రాలీ ఆటోకెక్కించి పులివెందుల బయల్దేరాం. గోవిందమ్మ నన్ను కూడా రమ్మని కబురు పెట్టింది. ఎర్రగుంట్ల, ముద్దనూరు దాటుతున్నంత సేపూ జమీలా వెనక్కి తిరిగి తాళ్ళు చూసుకుంటూనే ఉంది. ఈ ఇల్లు కుదిరితే పులివెందుల పని మొదలైనట్టే అని ఆశపడింది. అక్కడ కొత్త ఇండ్లు కుప్పలుగా లేస్తున్నాయి. ప్రొద్దుటూరులో అద్దె పెరిగింది, షెడ్డు నిలబడాలంటే ఆమెకు ఆ పని కావాలి.

ఇంటి ముందు నారాయణ కోడలు ప్రసూన కొత్త గడపకు పసుపు రాస్తూ, రాసినంత మేర కుంకం బొట్లు పెడుతోంది. మేం గడప తొక్కకుండా జాగ్రత్తగా దాటి, కూలీల చేత బీరువాను హాల్లో పెట్టించాం. గోవిందమ్మ లేదు. ముండమోసిన మనిషి ఎదురుపడకూడదని పెద్దలెవరో అంటే, శుభకార్యం అయ్యేదాకా పాతింట్లోనే ఉండమన్నారట. జమీలా దుప్పటి లాగింది.

బూడిద గోడల మధ్య ఆ పసుపు ఒక్కసారిగా వెలిగింది. నారాయణ మొహం మాడిపోయింది. అప్పుడే లోపలికి వచ్చాడు పవన్. గోవిందమ్మ చెల్లెలి కొడుకు. వార్డులో చిన్నపాటి నాయకుడు. చేతిలో రెండు ఫోన్లు.

"ఏందన్నా ఇది! రేపు మనోల్లంతా వస్తాండారు. హాల్లో అడుగు పెడ్తానే వాల్ల జెండానా? పసుపు మీద ఎర్ర బొట్లు గూడానా!"

సరిగ్గా అదే పసుపును, అవే ఎర్ర బొట్లను గడప మీద దాటుకునే లోపలికి వచ్చాడు మహానుభావుడు. నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

"నేనిచ్చిన కార్డేంది, నువ్వేసిందేంది?" అని నారాయణ జమీలా మీదికి లేచాడు.

"నీ కార్డు నా కాడే ఉండాదన్నా. ఆ రంగు వెయ్యలేదు."

"యాల వెయ్యలేదు?"

జమీలా పలకలేదు. ఎందుకు పలకలేదో నాకు తెలుసు. తలుపు తీసి ఆ వేలిముద్ర చూపిస్తే చాలు, ఆమె మీద పైసా తప్పు లేదని తేలిపోతుంది. కానీ మొత్తం పోయి ముసలామె నెత్తిన పడుతుంది, అదీ ఆమె లేనప్పుడు. జమీలా బీరువాకు వీపు ఆనించి, రెండు తలుపులూ మూసి నిలబడింది.

పవన్ గొంతు తగ్గించి బేరానికి దిగాడు. "సరే మా, జరిగింది జరిగింది. అంగట్లో రంగు కలిపే మిషను తప్పు కలిపిందని జెప్పు. సాయంత్రానికి బూడిద కొట్టెయ్యి. మా వీదిలో ఇండ్లు లేస్తాండాయి, అన్ని పనులూ నీకే ఇప్పిస్తా."

"మిషను కలపలేదన్నా, నేను కలిపినా. తప్పు గూడ పడలేదు. ఏ రంగు రావాలనుకున్యానో అదే వచ్చింది."

"అయితే ఈ ఊర్లో నీకింగ ఒక్క తలుపు గూడ దొరకదు. దీన్ని ఇప్పుడే డిపోకు ఎత్తిస్తా."

నా నాలుక దురద పెడుతోంది. చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేశాను. జమీలా నా వంక ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

"ఎత్తించుకో. గొడ్డలి గూడ తెచ్చుకో" అంది జమీలా పవన్‌తో. "నా చేత్తో అయితే దీని మీద ఇంకో రంగు పడదు. నన్ను ఈడ నుంచి పంపించాలంటే బీరువా ఎవరిదో ఆమెను పిలిపించండి. ఆమె పొమ్మంటే పోతా."

పిలిపించే పని లేకపోయింది. ఆటో వచ్చిన సంగతి పాతింటికి తెలిసింది. గోవిందమ్మ ఎవరినీ అడక్కుండా వచ్చేసింది. వెనక తలుపు గుండా వస్తుందని అందరూ అనుకుంటారు కదా. వీధి తలుపు ముందుకే వచ్చి, తడి గడపను దాటి, తిన్నగా బీరువా దగ్గరికి నడిచింది.  ముగ్గు గీత మీద వేలు పెట్టి పొడుగునా జరుపుకుంటూ పోయింది.

"జరుగు పాపా" అంది.

జమీలా జరిగింది. గోవిందమ్మ తలుపు తెరిచి, లోపలి ముద్రలో తన బొటనవేలు పెట్టి కొడుకు వైపు తిరిగింది.

"ఇది నా ఏలు. ఈ రంగు అడిగింది నేను. ఈ పాపను ఏమన్నా అంటే నన్నన్నట్టే."

"అమ్మా, నీకు పసుపెందుకు..." అని నారాయణ మధ్యలోనే ఆగిపోయాడు. తాను ఏమనబోయాడో తనకే వినబడినట్టుంది.

"జెప్పు, ఆగిపోయినావే! నా మొగుడు సచ్చినాడని నా మొగానికి పసుపు వద్దంటిరి. ఊరుకున్యా. ఈ బీరువాకు మొగుడేమన్నా సచ్చినాడా?"

 పవన్, "అది గాదు పెద్దమ్మా, రేపు వచ్చేటోల్లు చూసి ఏమనుకుంటారు?" అని గొణిగాడు.

"నీకు పసుపును చూస్తే పార్టీ కనపడిందేంరా? నిన్నెత్తుకుని సాకిన చేతులు ఏ రంగుండేవో పోయి మీ అమ్మనడుగు. ఇద్దరం ఒకే కాగులో ఉడకబెట్టినాం పసుపు. అడిగేటోల్లుంటే నా కాడికి పంపించు. ఈడే కూర్చోనుంటా, రేపంతా."

అప్పుడు గడప దగ్గర నుంచి ప్రసూన లేచి వచ్చింది. అప్పటిదాకా తల వంచుకుని పని చేసుకుంటున్న పిల్ల. పసుపు గిన్నెను గోవిందమ్మ ముందు పట్టుకుని, "గడప ఇంకా సగమే అయ్యింది జేజీ. నాకు సరిగ్గా రావడం లేదు" అంది. చక్కగానే వస్తోందని మేమంతా చూశాం.

గోవిందమ్మ గిన్నె వంక చూసింది, కొడుకు వంక చూసింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు గానీ వద్దనలేదు. ఆమె గిన్నె తీసుకుని, గడప ముందు కూర్చుని, నాలుగు వేళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో పసుపు రాసింది. ఎన్నో ఏళ్ళుగా ఆపించిన చేయి ఎక్కడా తడబడలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జమీలా కళ్ళల్లో నీళ్ళు లేవు. ఆమె గోవిందమ్మ చెయ్యి ఎట్లా కదులుతోందో చూస్తోంది.

మర్నాడు బీరువా అక్కడే ఉంది. మీద దుప్పటి లేదు. పక్కన కుర్చీ వేసుకుని గోవిందమ్మ కూర్చుంది. వచ్చినవాళ్ళు చూశారు, గుసగుసలాడుకున్నారు, భోంచేసి పోయారు.

పవన్ మాత్రం అన్నంత పనీ చేశాడు. పులివెందుల నుంచి పని కాదు కదా, ఒక్క ఫోను కూడా రాలేదు. జమీలా షెడ్డులో సగం వేరేవాళ్ళకు ఇచ్చేసి, మిగిలిన సగంలో ఇరుక్కుని పని చేసింది. మిషను తప్పని ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదని ఒకరోజు ఆమెను కదిలించాను. "నా పనిని నేనే తప్పంటే ఇంగ ఎవరు ఒప్పంటారక్కా?" అంది. అంతే, మళ్ళీ ఉప్పుకాగితం అందుకుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు ఆటో ఆగింది. వెనక ఒక చిన్న గోడ అలమర తాళ్ళతో కట్టి ఉంది. ముందు సీట్లో నుంచి ఒక ముసలామె దిగింది. బోసి నుదురు, బోసి మెడ.

"జమీలా అంటే నువ్వేనా పాపా? నేను గోవిందమ్మ చెల్లెల్ని. పవన్ వాల్లమ్మను."

జమీలా కుంచెను టర్పెంటైన్ డబ్బాలో పెట్టి లేచింది. నేనే అడిగాను, "ఈడికి వచ్చినట్టు మీ కొడుక్కు తెలుసా మా?" అని.

"అలమర వాడిదా ఏంది?" అందామె నా మీద గుర్రుమంటూ.

ఏ రంగు కావాలని జమీలా అడగలేదు. స్టూలు తుడిచి ముందుకు జరిపింది. ఆమె కూర్చుని, కొంగు ముడి విప్పి, పసుపు కొమ్ము తీసి, మా ఇద్దరి ఎదుటే ఫటుక్కున విరిచింది.